హాన్సెల్, గ్రెటెల్‌లకు తగిన వేదిక

డిసెంబరు వచ్చేసరికి జర్మనీ, ఆస్ట్రియాల్లోని చాలా ఒపెరా హౌసుల ముందు ఒకే పేరు కనిపిస్తుంది: ఎంగెల్‌బెర్ట్ హంపర్‌డింక్ స్వరపరిచిన ‘హాన్సెల్, గ్రెటెల్’. అడవిలో దారి తప్పిన అన్నాచెల్లెళ్లు, తీపిరొట్టెలతో కట్టిన ఇల్లు, పిల్లల్ని వండుకు తినే మంత్రగత్తె. గ్రిమ్ సోదరుల ఈ కథను మన పిల్లలు కూడా బొమ్మల పుస్తకాల్లో చదివే ఉంటారు. క్రిస్మస్ రోజుల్లో అక్కడ తాతలూ మనవలూ పక్కపక్కన కూర్చుని చూసే ఒపెరా ఇది. ఐరోపాలోనూ అమెరికాలోనూ సంగీత కళాశాలల వాళ్లు, విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాల వాళ్లు కూడా దీన్ని తరచుగా వేస్తుంటారు. ఆ ప్రదర్శనల మీద చాలామందికి ఒక చిన్నచూపు ఉంది. అసలైన ఒపెరా పెద్ద సంస్థలు ఆడేదనీ, విద్యార్థులది సాధన కోసం వేసే నకలనీ, వెన్ను తట్టడానికి వెళ్లి చూడాలే తప్ప అందులో కొత్తగా దొరికేదేమీ ఉండదనీ అనుకుంటారు. ఈ ఒపెరా వరకూ ఆ అంచనా తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. విద్యార్థుల వేదికే దీనికి సహజమైన చోటు. అది పుట్టిన తీరు, కథలో ఉన్న విషయం, పాత్రల కూర్పు, మూడూ ఆ మాటే చెబుతున్నాయి. ఎదురు వాదనలు లేకపోలేదు. వాటిలో ఒకటి నిజంగా బరువైనది, దానికి కాస్త వివరంగానే జవాబు చెప్పాలి.

ముందు పుట్టుక సంగతి. ఈ ఒపెరాను ఏ రాజాస్థానమూ కోరి రాయించుకోలేదు. తన పిల్లలు ఇంట్లో ఆడే చిన్న నాటకానికి నాలుగు పాటలకు బాణీలు కట్టిపెట్టమని 1890లో హంపర్‌డింక్‌ను ఆయన చెల్లెలు అడెల్‌హైడ్ వెట్టె అడిగింది. ఆ నాలుగు పాటలు ఇంటిల్లిపాదికీ నచ్చి, పెరిగి, మధ్యమధ్య మాటలుండే పాటల నాటకమై, చివరికి మూడంకాల పూర్తి ఒపెరాగా తేలాయి. సాహిత్యం చెల్లెలిది, సంగీతం అన్నది. 1893 డిసెంబరు 23న వైమార్ ఆస్థాన నాటకశాలలో తొలి ప్రదర్శన జరిగింది. ఆర్కెస్ట్రాను నడిపిన రిచర్డ్ స్ట్రాస్‌కు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. మరుసటి ఏడాది హాంబర్గ్‌లో దీన్ని నడిపిన గుస్తావ్ మాలర్ కూడా నడివయసుకు రానివాడే. హంపర్‌డింక్ సైతం ఒపెరా పనిని నేర్చుకున్నది ఒక పెద్దాయన తనమీద పెట్టిన నమ్మకంతోనే. 1882లో బైరాయిట్‌లో రిచర్డ్ వాగ్నర్ ‘పార్సిఫాల్’ సిద్ధమవుతున్నప్పుడు, మొదటి అంకంలో రంగం మారడానికి సంగీతం సరిపోలేదు. ఆ ఖాళీని నింపే కొన్ని వరుసలను సహాయకుడిగా ఉన్న హంపర్‌డింక్ రాసిస్తే వాగ్నర్ వాటిని వాడుకున్నాడు. తన స్వరరచనలో ఒక యువకుడి చేతిరాతకు వాగ్నర్ లాంటి పట్టుదల మనిషి చోటివ్వడం సామాన్యమైన విషయం కాదు. అంటే ఇంట్లో పిల్లల కోసం మొదలై, యువకుల చేతుల మీదుగా లోకంలోకి వచ్చిన కృతి ఇది. దాన్ని ఇరవై రెండేళ్ల వాళ్లు ఆడుతుంటే అరువు సొత్తు వాడుకుంటున్నట్టు చూడాల్సిన పనిలేదు.

రెండోది కథలోని విషయం. దీన్ని మంత్రగత్తె కథగా గుర్తుపెట్టుకుంటాం కానీ ఇది మొదటి నుంచి చివరి దాకా ఆకలి కథ. తెర లేచేసరికి చీపుళ్లు కట్టి అమ్ముకునే పేద ఇంట్లో పిల్లలిద్దరూ పని చేస్తుంటారు, కడుపులో ఏమీ లేదు. పొరుగామె ఇచ్చిన పాలు ఒక కుండలో ఉన్నాయి, రాత్రికి అమ్మ దానితో ఏదో వండుతుందని ఆశ. ఆకలి మరిచిపోవడానికి గ్రెటెల్ అన్నకు నాట్యం నేర్పుతుంది. పని మానేసి గంతులేస్తున్న పిల్లల్ని చూసి, అప్పుడే ఇంటికొచ్చిన తల్లికి కోపం ముంచుకొస్తుంది. ఆ కోపంలో ఆమె చేయి తగిలి పాలకుండే పగిలిపోతుంది. ఉన్న ఒక్క ఆధారమూ నేలపాలయ్యాక, అడవికి పోయి పళ్లు ఏరుకు రమ్మని పిల్లల్ని తరిమి, ఒంటరిగా కూలబడుతుంది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో కరువు కాలాన తల్లే పిల్లల్ని అడవిలో వదిలేయమంటుంది. తర్వాతి ముద్రణల్లో ఆమెను సవతి తల్లిగా మార్చారు. అడెల్‌హైడ్ వెట్టె ఆ దారిన పోలేదు. తల్లిని కన్నతల్లిగానే ఉంచి, ఆమె చేసిన దానికి దుర్మార్గాన్ని గాక దరిద్రాన్ని కారణం చేసింది. కథను మెత్తబరిచిందని ఆమెను తప్పుపట్టినవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది మరింత కఠినమైన సత్యంగా కనిపిస్తుంది. చెడ్డ సవతి తల్లి అయితే ప్రేక్షకుడు తిట్టుకుని ఊరుకుంటాడు. అలసిపోయిన మంచి తల్లిని చూస్తే ఎటూ తోచదు. ఈ ఆకలిని అర్థం చేసుకున్న దర్శకులు పెద్ద సంస్థల్లోనూ ఉన్నారు. 1998లో వెల్ష్ నేషనల్ ఒపెరాకు రిచర్డ్ జోన్స్ చేసిన ప్రదర్శన మొత్తం వంటగదుల చుట్టూ, తిండి చుట్టూ తిరుగుతుంది. 2008లో గ్లైండ్‌బోర్న్‌లో లోరాన్ పెలీ పిల్లల ఇంటిని అట్టపెట్టెలతో కట్టించి, మంత్రగత్తె ఇంటిని సూపర్‌మార్కెట్ సరుకుతో నింపాడు. ఇవి మంచి ప్రదర్శనలే. అయితే ఇలాంటి ఆలోచనకు కోట్ల ఖర్చు అక్కర్లేదు. అట్టపెట్టెలు ఏ కళాశాల వెనకాలైనా దొరుకుతాయి. డబ్బు లేని సంస్థ దరిద్రాన్ని చూపించాల్సి వచ్చినప్పుడు ఆ లేమి వేదిక మీద అబద్ధంగా అనిపించదు.

మూడోది పాత్రల కూర్పు. ఇందులో పేరున్న పాత్రలు ఏడు: హాన్సెల్, గ్రెటెల్, తల్లి, తండ్రి, మంత్రగత్తె, నిద్ర పుచ్చే ఇసుక మనిషి, తెల్లవారి మేల్కొలిపే మంచుబిందువుల దేవత. వీరిలో మగగొంతు తప్పనిసరిగా కావలసింది తండ్రి పాత్ర ఒక్కదానికే. మంత్రగత్తెను కొన్నిచోట్ల మగవాళ్లు పాడినా స్వరకర్త దాన్ని ఆడగొంతుకే రాశాడు. చివరికి హాన్సెల్ కూడా ఆడగొంతు పాత్రే. సత్యభామగా, రోషనారాగా స్థానం నరసింహారావును చూసి మురిసిన తెలుగువాళ్లకు, ఆడది మగపిల్లాడి వేషం కట్టడంలో వింత కనిపించదు. సంగీత కళాశాలల్లో గాత్రం నేర్చుకునేవారిలో ఆడపిల్లలే ఎక్కువగా ఉంటారు, పై స్థాయి మగగొంతులకు ఎప్పుడూ కరువే. ప్రసిద్ధమైన ఒపెరాల్లో ఎక్కువ భాగం మగపాత్రల చుట్టూ తిరగడంతో, ప్రతిభ ఉన్న ఆడపిల్లలు ఏళ్ల తరబడి బృందగానంలో నిలబడిపోతారు. ఈ ఒక్క ఒపెరాలో ఆరు పాత్రలు వాళ్లవే. చాలా విద్యార్థి సంస్థలు రెండు జట్లుగా పాత్రలు పంచి రోజు మార్చి రోజు ఆడిస్తాయి. అలా చేస్తే పన్నెండు మందికి అవకాశం. రెండో అంకం చివర పిల్లలు ప్రార్థన చేసుకుని నిద్రపోతే పద్నాలుగు మంది దేవదూతలు దిగి వచ్చి కాపలా కాస్తారు. ఆ దూతలు ఒక్క మాట కూడా పాడరు. అంటే గొంతు లేని విద్యార్థులకూ వేదిక మీద చోటుంది. మూడో అంకంలో రొట్టెబొమ్మల నుంచి తిరిగి మనుషులయ్యే పిల్లల బృందానికి దగ్గర్లోని బడి పిల్లల్ని పిలవవచ్చు. వాళ్లతోపాటు వాళ్ల అమ్మానాన్నలూ వస్తారు, వాళ్లలో చాలామందికి అదే మొదటి ఒపెరా అవుతుంది.

ఇక బరువైన ఆక్షేపణ. ఇది పేరుకే పిల్లల ఒపెరా, సంగీతం మాత్రం వాగ్నర్ బడిది. నాలుగు హార్న్‌లు, మూడు ట్రాంబోన్‌లు, ట్యూబా, హార్ప్, నిండైన తంత్రీవాద్యాలతో పెద్ద ఆర్కెస్ట్రా మోగుతుంటే, ఒపెరా సంప్రదాయం ప్రకారం గాయకులు మైకు లేకుండా పాడాలి. పాట విన్నప్పుడు జానపద గీతంలా తేలిగ్గా ఉంటుంది, దాని కింద మోగే వాద్యాలు మాత్రం తేలికైనవి కావు. ఇరవై ఏళ్లు దాటిన గొంతు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. గొంతుపెట్టెలోని మృదులాస్థులు గట్టిపడే క్రమం అప్పటికి పూర్తి కాదు. ఆ వయసులో ఆర్కెస్ట్రాను దాటాలని అరిచి పాడే అలవాటు పడితే గొంతు జీవితాంతం దెబ్బతినవచ్చు. ఇది గాత్ర గురువులు చెప్పే మాట, దీన్ని కొట్టిపారేయకూడదు. ఆర్కెస్ట్రా మీదుగా ఒక్క మనిషి గొంతు ఎలా వినిపిస్తుందో స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970ల్లో కొలిచి వివరించాడు. ఆర్కెస్ట్రా శబ్దశక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల పోగుపడుతుంది. శిక్షణ పొందిన గాయకుడి గొంతులో సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర మరో ఉబ్బు ఏర్పడుతుంది. అక్కడ వాద్యాల పోటీ తక్కువ కాబట్టి గొంతు ఆ సందులోంచి హాలు చివరిదాకా వెళ్తుంది. మగగొంతుల్లో ఇది స్పష్టం. పై స్థాయిలో పాడే ఆడగొంతులు మాత్రం నోరు తెరిచే తీరుతో, ప్రతిధ్వనిని శ్రుతికి సరిపెట్టుకుని ఆ పని సాధిస్తాయి. ఈ నేర్పు బలంతో వచ్చేది కాదు, ఏళ్ల సాధనతో వచ్చేది. హాన్సెల్, గ్రెటెల్‌లు చాలాసేపు మధ్య స్థాయిలోనే మాట్లాడుకుంటున్నట్టు పాడతారు. సరిగ్గా అక్కడే చిన్న గొంతులు వాద్యాల కింద మునిగిపోయే ప్రమాదం ఎక్కువ.

ప్రమాదం నిజమే. దాన్ని దాటే దారులూ అంతే నిజం. చిన్న వాద్యబృందం కోసం ఈ సంగీతాన్ని కుదించిన రూపాలు ఉన్నాయి. పదిహేను, ఇరవై మంది వాయిస్తే రంగులు కొంత పలచబడతాయి కానీ మాట స్పష్టంగా వినిపిస్తుంది, కథకు ప్రాణం మాటలోనే ఉంది. నిండు ఆర్కెస్ట్రాయే కావాలనుకుంటే వాద్యాలను వేదిక వెనక్కో పక్కకో జరపవచ్చు. వాగ్నర్ బైరాయిట్‌లో ఆర్కెస్ట్రాను వేదిక కిందకు దించి పైన కప్పు వేయించాడు, గాయకుడి మాట ప్రేక్షకుడికి చేరడం దాని ఫలితాల్లో ఒకటి. హంపర్‌డింక్ చెవి తయారైంది అలాంటి హాలులోనే. హాలు పరిమాణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో దాదాపు 3,800 సీట్లుంటాయి. కళాశాల హాళ్లు సాధారణంగా మూడు నాలుగు వందల మందికి మించవు. మూడు వేల మందికి వినిపించలేని గొంతు మూడు వందల మందికి హాయిగా వినిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం పాత్రలు పంచేవారి విచక్షణ. తల్లి, మంత్రగత్తె పాత్రలు గొంతును ఎక్కువగా పిండుతాయి. వాటిని పైతరగతి విద్యార్థులకు ఇవ్వాలి, లేదా బయటి నుంచి అనుభవజ్ఞుల్ని పిలవాలి. ఈ జాగ్రత్తలు పాటించలేని సంస్థ ఈ ఒపెరాను ముట్టుకోకపోవడమే మంచిది. స్ట్రాస్ ‘ఎలెక్ట్రా’నో, వాగ్నర్ పెద్ద ఒపెరాలనో విద్యార్థులు వేస్తామంటే నేనూ వద్దనే అంటాను. ‘హాన్సెల్, గ్రెటెల్’ ఆ కోవలోకి రాదు. దీని నిడివి రెండు గంటలలోపే. ఎక్కడ గొంతు దాచుకోవాలో, ఎక్కడ విప్పాలో నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం అరుదు.

ప్రావీణ్యం లేనివారి ప్రదర్శనకు టికెట్ కొని ఎందుకు వెళ్లాలని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు చరిత్రలో జవాబులున్నాయి. మొజార్ట్ పదకొండేళ్ల వయసులో ‘అపోలో, హయసింథస్’ రాసింది సాల్జ్‌బర్గ్ విద్యార్థుల కోసం. 1767 మే 13న వాళ్లే దాన్ని ఆడారు. హాండెల్ ఒపెరాలు శతాబ్దానికి పైగా దాదాపు మూలపడి ఉంటే, వాటిని మళ్లీ వేదికెక్కించిన పని 1920లో విశ్వవిద్యాలయ పట్టణమైన గోటింగెన్‌లో జరిగింది. కళాచరిత్ర పాఠాలు చెప్పే ఓస్కార్ హాగెన్ విశ్వవిద్యాలయపు మనుషుల్ని కూడగట్టి ‘రోడెలిండా’ వేశాడు, ఆ ఊళ్లో హాండెల్ ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది. రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఒపెరా ‘ది పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ 1951లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో అంతంతమాత్రంగా నడిచింది. అదే ఒపెరాను 1954లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ సంగీత సంఘం వేసినప్పుడు స్వరకర్తకు తృప్తి కలిగింది. కోవెంట్ గార్డెన్‌కు లేనిది కేంబ్రిడ్జ్‌కు ఉన్నది గొంతు కాదు, సమయం. పెద్ద సంస్థలో పేరున్న గాయకులు కొద్ది వారాల ముందు వచ్చి, రిహార్సల్ చేసి, ఆడి, మరో ఊరికి విమానమెక్కుతారు. విద్యార్థులు నెలల తరబడి ఒకే పాత్రతో కాపురం చేస్తారు, పాడనప్పుడు సెట్లకు మేకులు కొడతారు, పక్కవాడి పాట కూడా కంఠతా వచ్చేస్తుంది. అన్నాచెల్లెళ్ల మధ్య చనువును చూపించాల్సిన కథలో ఆ సహవాసం వేదిక మీద కనిపించి తీరుతుంది.

ఈ చరిత్రలో హంపర్‌డింక్‌తో నేరుగా ముడిపడిన ఒక పాయ ఉంది. 1918లో బెర్లిన్‌లో ఆయన దగ్గర కొంతకాలం చదువుకున్న యువకుడు కుర్ట్ వైల్. తర్వాత బెర్టోల్ట్ బ్రెహ్ట్‌తో కలిసి 1930లో వైల్ ‘యాజాగర్’ అనే బడి ఒపెరా రాశాడు. విద్యార్థులే పాడాలని, విద్యార్థులే వాయించాలని రాసిన కృతి అది. ఆచారం ప్రకారం తన చావుకు తానే ఒప్పుకునే కుర్రవాడి కథ. బెర్లిన్ నాయ్‌కోల్న్ ప్రాంతంలోని కార్ల్ మార్క్స్ బడి పిల్లలు దాన్ని చర్చించి, వాడు ఎందుకు ఒప్పుకోవాలని నిలదీశారు. బ్రెహ్ట్ ఆ మాటల్ని తీసిపారేయలేదు. పాఠాన్ని మార్చాడు, ఒప్పుకోని కుర్రవాడి కథను ‘నైన్‌జాగర్’ పేరుతో విడిగా రాశాడు. ఆ తర్వాత అమెరికా చేరిన వైల్ 1948లో ‘డౌన్ ఇన్ ద వ్యాలీ’ని తొలిసారి ఆడించింది కూడా ఇండియానా విశ్వవిద్యాలయంలోనే. విద్యార్థి వేదిక ప్రశ్నలు వేస్తుంది, ఆ ప్రశ్నలకు కృతులే మారతాయి.

‘హాన్సెల్, గ్రెటెల్’లోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పిల్లలిద్దరూ కలిసి మంత్రగత్తెను మండే పొయ్యిలోకి తోసి, ఆనందంతో నాట్యం చేస్తారు. పసివాళ్లకు ఇది చూపించవచ్చా అని తల్లిదండ్రులు అడగడం సబబే. పైగా ఇరవయ్యో శతాబ్దంలో జరిగినదంతా జరిగాక, జర్మన్ గడ్డ మీద పొయ్యిని చూపించడం అంత అమాయకమైన పని కాదు. ఆ దృశ్యాన్ని కత్తిరించడం మాత్రం దీనికి జవాబు కాదనుకుంటాను. ఈ కథలో పెద్దవాళ్లెవరూ పిల్లల్ని కాపాడరు. నాన్న వెతుక్కుంటూ వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. వాళ్లను వాళ్లే కాపాడుకున్నారు. అంతటితో ఆగక, మంత్రంతో రొట్టెబొమ్మలై, కళ్లు మూసుకుని కదలలేక నిలబడ్డ మిగతా పిల్లల్ని తాకి ప్రాణం పోస్తారు. నాట్యం కన్నా ఆ స్పర్శ మీద దృష్టి నిలిపితే పగ కథ విముక్తి కథ అవుతుంది. బాల్యానికీ పెద్దరికానికీ మధ్య నిలబడిన విద్యార్థులు ఈ తేడాను తేలిగ్గా పట్టుకుంటారు. పిల్లల భయం వాళ్లకింకా గుర్తుంటుంది, పెద్దల బాధ్యత అప్పుడే మొదలవుతుంటుంది.

భాష గురించి పెద్దగా తగవు అవసరం లేదు. జర్మన్‌లోనే పాడాలని పట్టుబట్టేవారున్నారు. అయితే లండన్‌లో 1894 డిసెంబరులో తొలిసారి ఆడినప్పుడే దీన్ని ఇంగ్లిషులో పాడారు. పిల్లలు ఎక్కువగా వచ్చే ప్రదర్శనైతే వాళ్ల భాషలో పాడటమే న్యాయం. గాత్ర శిక్షణే ముఖ్యమైతే జర్మన్‌లో పాడి, వేదిక పైన తెర మీద అనువాదం చూపించవచ్చు. 1983లో టొరంటోలో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు ఎక్కడైనా ఉంది, విద్యార్థులకు ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ చాలు. ఖర్చు విషయంలోనూ ఒక వెసులుబాటుంది. అడెల్‌హైడ్ వెట్టె 1916లో, హంపర్‌డింక్ 1921లో కన్నుమూశారు కాబట్టి చాలా దేశాల్లో మూల సంగీతానికీ సాహిత్యానికీ రాయల్టీ కట్టాల్సిన పనిలేదు. కొత్తగా చేసిన కుదింపులకూ అనువాదాలకూ మాత్రం అనుమతి తీసుకోవాలి. అన్నట్టు, హంపర్‌డింక్ చివరగా చూసిన ప్రదర్శన కూడా ఒక కొత్తవాడిదే. కొడుకు వుల్‌ఫ్రామ్ దర్శకుడిగా తొలిసారి వేదికెక్కించిన వేబర్ ఒపెరాను నాయ్‌స్ట్రెలిట్స్‌లో చూస్తుండగా ఆయనకు గుండెపోటు వచ్చింది, మర్నాడు పోయారు.

ఇవాళ అమెరికా, బ్రిటన్, జర్మనీ విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. ఒపెరా తమది కాదని, అర్థం కాదని వాళ్లలో చాలామంది ఆ హాలు వైపే చూడరు. నా విన్నపం వాళ్లకే. పద్యనాటకాన్ని రాగాల కోసం మళ్లీ మళ్లీ చూసిన ఇళ్ల నుంచి వెళ్లిన మీకు, పాటతో కథ చెప్పడం కొత్తదేమీ కాదు. విద్యార్థుల ప్రదర్శనలకు టికెట్టు ధర పెద్ద హాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. పాడటం రాకపోయినా విద్యార్థి సంఘాలకు లైట్లు బిగించేవాళ్లు, పొయ్యి పేలినట్టు పొగ పుట్టించేవాళ్లు, తెర మీద అనువాదం నడిపేవాళ్లు, జమాఖర్చులు రాసేవాళ్లు ఎప్పుడూ కావాలి, ఇంజనీరింగ్ చదివేవాళ్లంటే వాళ్లకు ప్రాణం. మీ విశ్వవిద్యాలయంలో ఎవరైనా ‘హాన్సెల్, గ్రెటెల్’ వేస్తున్నారని తెలిస్తే, వెళ్లి చూడండి. వీలైతే రిహార్సళ్లు మొదలయ్యే ముందే వెళ్లి, పనివాళ్ల జాబితాలో మీ పేరు రాయించుకోండి.